ఎడమకు లాగే నలభై ఆరు

విమానాల టెక్నీషియన్ రాష్కో వెల్చెవ్‌కి ఆ వసంతంలో రెండు దెబ్బలు తగిలాయి. కుడి మోకాలు మొరాయించింది. నలభై ఆరో నంబరు యుద్ధవిమానం అతని చేతిలోంచి జారి ఇంకొకడి చేతిలో పడింది. మోకాలి సంగతి డాక్టరు అడిగితేనే చెప్పేవాడు. విమానం సంగతి మాత్రం ఎవరూ అడక్కుండానే ఎత్తేవాడు, అదీ తనకేమీ పట్టనట్టు.

"ఆ విమానమా? నాకెందుకయ్యా దాని గొడవ? నిచ్చెనెక్కలేవు, వంగలేవు, పనిముట్ల గది చూసుకో అన్నారు. చూసుకుంటున్నా. నీడపట్టున ఉద్యోగం. హాయిగా ఉంది" అనేవాడు.

ఆ హాయి ఏపాటిదో అతని భార్య దోబ్రినాని అడగాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెను ఒక్కనాడూ అనుమానించి ఎరగని మనిషి, ఆర్నెల్లుగా ఒక ఇనప శాల్తీ ఎవరి చేతుల్లో ఎలా ఉందో అని తిండి సయించక తిరుగుతున్నాడు. ఆమె చేసిన బానిత్సా రొట్టె, వేడివేడిగా, జున్ను కారుతూ ఉన్నది కూడా, పళ్ళెంలోనే చల్లారిపోతోంది.

"నాకు సవతి ఉందని పెళ్ళప్పుడే చెప్పుంటే పుట్టింట్లోనే ఉండేదాన్ని కదయ్యా" అంది ఒకరోజు.

"నోర్ముయ్" అన్నాడు రాష్కో. కాదని మాత్రం అనలేదు.

మరిత్సా నది పక్కన, పొద్దుతిరుగుడు చేల మధ్య ఉన్న ఆ వైమానిక స్థావరంలో పైలట్లు వస్తారు, బదిలీ అవుతారు, చదువులకు మాస్కో పోతారు. టెక్నీషియన్ అలా కాదు. ఒక టెక్నీషియన్‌కి ఒకటే విమానం. దాన్ని కడగడం, ఇంధనం పోయడం, ప్రతి బోల్టూ చూసి సంతకం పెట్టడం, పైలట్‌ని సీటులో కూర్చోబెట్టి బెల్టులు బిగించడం, చివరికి నిచ్చెన తీసి సలాం కొట్టడం, అన్నీ అతనే. విమానం గాల్లో ఉన్నంతసేపూ సిగరెట్లు తగలేస్తూ ఆకాశంలోకి చూసేవాడూ అతనే.

నలభై ఆరు 1974 శరదృతువులో రైల్లో వచ్చింది. ఒళ్ళు ఒక బండిలో, రెక్కలు చెక్కపెట్టెల్లో. ఆ పెట్టెల మేకులు పీకినవాళ్ళలో రాష్కో ఒకడు. అప్పటికి ముప్పై ఆరేళ్ళవాడు, మోకాళ్ళు రెండూ బాగున్నవాడు. మొదటిసారి ఇంజను పలికిన రోజున అతను చెవులు మూసుకోవడం మరిచిపోయి, రెండు రోజులు దోబ్రినా ఏం చెప్పినా వినపడక తలూపుతూ తిరిగాడు. నాలుగేళ్ళు ఆ విమానం ముత్యంలా ఎగిరింది. రొమేనియా సరిహద్దు దాకా వెళ్ళొచ్చింది, నల్లసముద్రం మీద గురి సాధన చేసింది, విజయోత్సవ కవాతులో రాజధాని మీదుగా రెండుసార్లు పోయింది. ఆ రెండుసార్లూ రాష్కో టీవీకి ముక్కు ఆనించి కూర్చుని, అచ్చం ఒకేలా ఉన్న పన్నెండు విమానాల్లో తనదేదో వేలు పెట్టి చూపించాడు. నిజంగా పోల్చుకున్నాడో కోతలు కోశాడో ఆ దేవుడికే తెలియాలి.

1978లో కొత్తగా వచ్చిన లెఫ్టినెంటు ఒకడు దాన్ని దింపడం కాదు, నేలకేసి కొట్టాడు. భారమంతా ఎడమ చక్రం మీద పడింది. ఎడమ చక్రం కాలు తీసేసి కొత్తది వేశారు. అన్నీ కొలిచారు. అంతా సరిగ్గా ఉందన్నారు. కానీ ఆనాటి నుంచి ఆ విమానానికి ఒక జబ్బు పట్టుకుంది. దిగాక గట్టిగా బ్రేకు వేస్తే చాలు, ఎడమకు లాగుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. విప్పి చూడ్డానికి మరమ్మతు కర్మాగారానికి పంపించారు. వాళ్ళు ఏడు నెలలు ఉంచుకుని, కొత్త రంగు వేసి, లోపమేమీ కనపడలేదని కాగితం రాసి పంపారు.

ఆ ఏడు నెలలూ రాష్కో ఎలా బతికాడో అడక్కండి. ఖాళీ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అక్కడ ఎవడెవడో దాని మీద చేతులు వేస్తున్నాడని, ఏ బూట్లతో రెక్క మీదకెక్కుతున్నాడో అని కుమిలిపోయేవాడు. అది తిరిగొచ్చినప్పుడు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎవరూ చూడకుండా ముక్కు మీద చెయ్యి వేసి, "ఇంకెక్కడికీ పంపను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. తిరిగొచ్చాక కూడా అది ఎడమకే లాగింది. ఆ సంగతి విమానం పుస్తకంలో రాస్తే మళ్ళీ కర్మాగారానికి పంపుతారు. అందుకని రాయలేదు. తనే నెల రోజులు కుస్తీపట్టి మందు కనిపెట్టాడు. బ్రేకు బిళ్ళల మధ్య ఎంత సందుండాలో నిబంధనల పుస్తకంలో ఉంది, రెండు చక్రాలకూ ఒకే కొలత. రాష్కో కుడివైపు ఆ కొలతే ఉంచి, ఎడమవైపు ఒక పోస్టుకార్డు మందం ఎక్కువ వదిలాడు. ఎడమ బ్రేకు రవ్వంత ఆలస్యంగా పట్టుకుంటుంది. విమానం గీత గీసినట్టు తిన్నగా పోతుంది. అంతే సంగతి.

ఎనిమిదేళ్ళు ఆ పోస్టుకార్డు రహస్యం అతని ఒక్కడిదే. పుస్తకంలో అన్ని పేజీలూ శుభ్రం. తనిఖీకి వచ్చిన ప్రతివాడూ ఆ పుస్తకం తిరగేసి, "ఇదయ్యా విమానాన్ని చూసుకోవడమంటే" అని మిగతావాళ్ళకు చూపించేవాడు. మిగతావాళ్ళు రాష్కోని కొరకొరా చూసేవారు. ఆ చూపులు అతనికి జీతం కంటే ఇష్టం.

ఆ విమానాన్ని ఎక్కువగా నడిపేది కెప్టెన్ లాజర్ తోషెవ్. మాటకారి, మంచి చేయి ఉన్నవాడు, గర్వం లేనివాడు. నిచ్చెన ఎక్కేముందు రాష్కో టోపీ మీద రెండుసార్లు తట్టేవాడు. దిగొచ్చాక, "రాష్కో అన్నా, నీ పిల్ల బంగారం" అనేవాడు. ఆ మాట కోసం రాష్కో మండుటెండలో రెండు గంటలైనా నిలబడేవాడు.

వసంతంలో మోకాలు వాచింది. ఒకరోజు నిచ్చెన మీదినుంచి దిగలేక నలుగురు పట్టుకుని దింపాల్సి వచ్చింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రాష్కోకి పనిముట్ల గది, నలభై ఆరుకి స్వెతోజార్ మిలెవ్.

ఈ స్వెతోజార్‌కి ఇరవై ఆరేళ్ళు. పొడుగ్గా, సన్నగా, నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేవాడు. ఏది చేసినా రెండుసార్లు చూసేవాడు, రెండోసారి చూశాక మళ్ళీ పుస్తకం తెరిచేవాడు. అది చూస్తే రాష్కోకి ఒళ్ళు మండేది. 'వీడు పెళ్ళానికి ముద్దు పెట్టాలన్నా పేజీ చూసుకుంటాడు కాబోలు' అనుకునేవాడు.

అప్పగింతల రోజున స్వెతోజార్ చేతులు కట్టుకుని అడిగాడు.

"బాబాయ్, దీనికేమైనా అలవాట్లున్నాయా? అంటే, పుస్తకంలో లేనివి?"

"పుస్తకంలో లేనిదేముంటుంది? చదువుకున్నవాడివి, చదువుకో."

"అది కాదు బాబాయ్, పన్నెండేళ్ళు చూసినోడివి..."

"పన్నెండేళ్ళు చూశాను కాబట్టే చెప్తున్నా. పుస్తకం శుభ్రంగా ఉంది."

అప్పటికి ఎడమ చక్రంలో పోస్టుకార్డు మందం అలాగే ఉంది కాబట్టి ఏ ప్రమాదమూ లేదని రాష్కో తనకు తను సర్దిచెప్పుకున్నాడు. చెప్పడమంటే తన దగ్గర మిగిలున్న ఆఖరి ముక్క కూడా వాడి చేతిలో పెట్టడమే. అంత పెద్దమనసు అతనికి లేదు, ఉన్నట్టు నటించే ఓపికా లేదు.

పనిముట్ల గదికి ఒక కిటికీ. కిటికీలోంచి సరిగ్గా నలభై ఆరు నిలిపే చోటు కనపడుతుంది. పాపం అనుకుని ఇచ్చారో, పగబట్టి ఇచ్చారో. పొద్దున్న లేచింది మొదలు రాష్కో ఆ కిటికీ దగ్గరే. స్వెతోజార్ గుడ్డతో అద్దం తుడిస్తే, "అలా కాదురా, గుండ్రంగా తిప్పకూడదు" అని గోడతో చెప్పేవాడు. కెప్టెన్ తోషెవ్ మొదటిసారి ఆ కుర్రాడి టోపీ మీద రెండుసార్లు తట్టినప్పుడు రాష్కో చేతిలో ఉన్న రెంచీల పెట్టె బల్ల మీద విసిరేశాడు. ఆ తరవాత ఏదో చెప్పుకుని ఇద్దరూ నవ్వారు. ఏమని నవ్వారో తెలియక రాష్కో మధ్యాహ్నం దాకా గిలగిల్లాడాడు. తన గురించేనని తేల్చుకున్నాక గానీ కుదుటపడలేదు.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున స్వెతోజార్ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆ స్థావరంలో పనిముట్లు ఊరికే ఇవ్వరు. ప్రతి టెక్నీషియన్‌కీ తన నంబరు కొట్టిన రేకు బిళ్ళలుంటాయి. బిళ్ళ ఇచ్చి పనిముట్టు తీసుకోవాలి, పనిముట్టు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఏ కొక్కేనికి ఎవరి బిళ్ళ వేలాడుతోందో చూస్తే ఎవరు ఏ విమానానికి ఏం చేస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

"సందు కొలిచే రేకుల కట్ట కావాలి బాబాయ్."

రాష్కో చెయ్యి ఆగింది.

"ఎందుకు?"

"చలికాలం తనిఖీకి చక్రాలు విప్పి ఎడమ బ్రేకు చూశా. సందు ఎక్కువుంది. కుడివైపు సరిగ్గానే ఉంది." అని, వెనక వరుసలో నిలబడ్డ ఇద్దరు మెకానిక్కులు వింటుండగానే, "నీ కాలంలో చూసుకోలేదా బాబాయ్? అదెలా తప్పిపోయింది నీ కంటికి?" అన్నాడు.

వెనకాల ఒకడు కిసుక్కున నవ్వాడు. "ముసలాయనకి కళ్ళు కూడా మోకాలి దారే పట్టాయిరా" అన్నాడు రెండోవాడు.

తలకొట్టేసినట్టయింది రాష్కోకి. స్వెతోజార్ ఎగతాళికి అన్నాడా, అమాయకంగా అన్నాడా అని ఆలోచించే స్థితిలో లేడు. నోటిదాకా వచ్చిన మాట ఉంది, 'అది తప్పు కాదురా, దాన్ని ముట్టుకోకు.' అంటే వీళ్ళముందు మొత్తం విప్పి చెప్పాలి. ఎనిమిదేళ్ళు పుస్తకంలో అబద్ధం రాశానని చెప్పాలి. అంతకంటే ముఖ్యం, ఆ తరవాత ఆ విమానం పూర్తిగా వీడిదైపోతుంది.

"పుస్తకం ప్రకారం చెయ్యి" అన్నాడు. బిళ్ళ తీసుకున్నాడు. రేకుల కట్ట ఇచ్చాడు. బిళ్ళని కొక్కేనికి తగిలించాడు.

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. స్వెతోజార్ చక్రం దగ్గర బాసింపట్టు వేసుకుని, పుస్తకం తెరిచి, కొలిచి, బిగించి, మళ్ళీ కొలిచాడు. ఎనిమిదేళ్ళ పోస్టుకార్డు పావుగంటలో పోయింది. మధ్యాహ్నం కట్ట తెచ్చిచ్చి బిళ్ళ తీసుకెళుతూ, "ఇప్పుడు రెండూ సమానం" అన్నాడు సంతోషంగా.

బుధవారం రాష్కో మనసు కాస్త తిరిగింది. గురువారం నలభై ఆరుకి ఎగిరే పని ఉందని బోర్డు మీద రాశారు. లోపలున్నది కెప్టెన్ కదా, నా పగ కెప్టెన్ మీద కాదు కదా అనుకున్నాడు. చెబుతాను, వాడొక్కడే ఉన్నప్పుడు పక్కకి పిలిచి చెబుతాను అని కర్ర పట్టుకుని కుంటుకుంటూ బయల్దేరాడు. సగం దూరం పోయాడు.

విమానం నీడలో కెప్టెన్, స్వెతోజార్ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. కెప్టెన్ భార్య కాల్చి పొట్టు తీసిన మిరపకాయల సీసా మధ్యలో ఉంది. రొట్టె ముక్కలతో అద్దుకుని తింటున్నారు. ప్రతి శరదృతువులోనూ ఆవిడ ఆ సీసా పంపేది. కెప్టెన్ ఈ విమానమెక్కిన ఆరేళ్ళూ ఆ సీసా తనకే వచ్చింది. ఈ ఏడు రాలేదేమిటా అనుకుంటూనే ఉన్నాడు. ఇదిగో, ఇక్కడుంది.

"రాష్కో అన్నా! రా, ఓ ముద్ద తిను" అని పిలిచాడు కెప్టెన్, నోరు నిండా రొట్టెతో.

తన సీసాలోంచి తనకే ఓ ముద్ద!

"తినేసొచ్చాను" అన్నాడు రాష్కో. "ఊరికే కాళ్ళు సాగుతాయని ఇటొచ్చా."

వెనక్కి తిరిగాడు. నడుస్తుంటే వెనక నవ్వు వినపడింది. దిగాక రేపు కొంచెం ఎడమకి లాగనీ, అనుకున్నాడు. కొంచెమే. కెప్టెన్ దిగొచ్చి ముఖం చిట్లించి, "ఏంటయ్యా ఇది, రాష్కో ఉన్నప్పుడు ఇలా లేదే" అనాలి. నలుగురిలో అనాలి. అంతకంటే ఎక్కువేమీ కోరలేదు. తరవాత ఎన్ని సంవత్సరాలు ఆలోచించినా, అంతకంటే ఎక్కువ కోరినట్టు అతనికి గుర్తులేదు.

గురువారం పదకొండింటికి నలభై ఆరు ఎగిరింది. పావుగంటకే చినుకులు మొదలై, వాన పట్టుకుంది. రన్‌వే నల్లగా తడిసి మెరిసింది. గాలి పక్కనుంచి కొడుతోంది. రాష్కో పనిముట్ల గది వదిలేసి వానలో వచ్చి నిలబడ్డాడు. అక్కడికి పది అడుగుల దూరంలో స్వెతోజార్, టోపీ చేత్తో పట్టుకుని, మేఘాల్లోకి చూస్తున్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు.

విమానం వాన తెరలోంచి బయటికొచ్చింది. అందంగా దిగింది, చక్రాలు నేలను ముద్దుపెట్టుకున్నట్టు ఆనాయి. తోకలోంచి పారాచూట్ బయటపడింది. మామూలుగా అయితే అది పువ్వులా విచ్చుకుని వేగాన్ని సగానికి లాగేస్తుంది. పక్కగాలికి అది మెలితిరిగి, తడిగుడ్డలా వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. వేగం తగ్గలేదు. కెప్టెన్‌కి ఇక బ్రేకు తప్ప గతిలేదు. గట్టిగా వేశాడు.

నలభై ఆరు ఎడమకు తిరిగింది.

కొంచెం కాదు. ముక్కు ఒక్కసారిగా పక్కకి పోయి, విమానం మొత్తం అడ్డం తిరిగి, రన్‌వే దాటి మెత్తటి నేలలోకి దూసుకుపోయింది. ముందు చక్రం కాలు విరిగింది. ముక్కు బురదలో దిగబడింది, తోక లేచి, మళ్ళీ దబ్బుమని పడింది. ఆ పాటున ఎడమ రెక్క కాలవ గట్టుకి తగిలి మడిచిన కాగితంలా అయింది. మంటలు లేవలేదు. ఆ ఒక్కటే దేవుడి దయ.

స్వెతోజార్ అరుస్తూ పరిగెత్తాడు. రాష్కో మోకాలితో పరిగెత్తలేక, పడి, లేచి, మళ్ళీ పడ్డాడు. అతను చేరేసరికి అద్దం పగలగొట్టి కెప్టెన్‌ని బయటికి లాగుతున్నారు. స్వెతోజార్ రెక్క మీదికెక్కి, బెల్టు కోస్తూ, "కెప్టెన్ గారూ, కెప్టెన్ గారూ" అని ఏడుస్తున్నాడు. కెప్టెన్ ముఖం తెల్లగా ఉంది. "నా కాళ్ళు ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నారు.

నాలుగు రోజుల తరవాత దర్యాప్తు సంఘం వచ్చింది. మేజర్ కునెవ్ అని ఒక పొట్టి మనిషి, ఎప్పుడూ జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఉండేవాడు. బ్రేకులు విప్పారు, కొలిచారు. కొలతలు పుస్తకం ప్రకారమే ఉన్నాయి. కానీ రెండు రోజుల ముందే స్వెతోజార్ వాటిని మార్చినట్టు అతనే రాసి సంతకం పెట్టాడు. ఎనిమిదేళ్ళు ఒక్క లోపమూ లేని విమానం. కొత్తవాడు చెయ్యి పెట్టిన రెండో రోజుకే రన్‌వే దాటింది. ఎవరిని అనుమానిస్తారు? స్వెతోజార్‌ని పని నుంచి తప్పించారు. సైనిక కోర్టు మాట కూడా వినపడింది. ముసలాయన చేతిలో ఎంత బాగుండేదో అని క్యాంటీన్లో అందరూ ఎత్తుకున్నారు. మంగళవారం కిసుక్కున నవ్వినవాడు వచ్చి రాష్కో భుజం తట్టాడు.

రాష్కోని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని అనుకున్నాడు. అడగలేదు కదా.

"కెప్టెన్‌ని చూడ్డానికి వెళ్ళవా?" అంది దోబ్రినా.

"వెళ్తాలే."

"వారం నుంచి వెళ్తాలే అంటున్నావు. నీ ముఖం చూస్తే ఎవరో చచ్చినట్టుంది. ఎవరూ చావలేదు కదా?"

"విమానం చచ్చింది" అన్నాడు రాష్కో. రెక్క విరిగిందాన్ని బాగుచెయ్యడం దండగ, పనికొచ్చే భాగాలు విప్పుకోమని అప్పటికే ఉత్తర్వు వచ్చింది. విప్పుతున్నవాళ్ళు వచ్చి అతని కిటికీలో బిళ్ళలిచ్చి అతని దగ్గరే రెంచీలు తీసుకుంటున్నారు.

దోబ్రినా అతన్నే చూసింది. ఆమెకేం అర్థమైందో ఏమో, కోటు తెచ్చి ఒళ్ళో పడేసి, "లే" అంది.

ఆస్పత్రిలో కెప్టెన్ తోషెవ్ బల్లపరుపుగా పడుకుని ఉన్నాడు. వెన్నుపూసలు రెండు నలిగాయి. నడుస్తాడు, ఎగరడు అన్నారు డాక్టర్లు. రాష్కోని చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా అన్నా! కూర్చో. ఆ కుర్రాడు నిన్నొచ్చాడు. అదిగో ఆ కుర్చీలోనే కూర్చుని గంటసేపు ఏడ్చాడు. నేనే చంపేశాను, నేనే చంపేశాను అని ఒకటే గోల. చచ్చిందెవర్రా, నేను బతికే ఉన్నాను కదరా అంటే వినడే. కాస్త నువ్వు చెప్పు వాడికి."

రాష్కో కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కెప్టెన్ పైకప్పుకేసి చూస్తూ, "ఒక మాట చెప్పనా?" అన్నాడు. "వాడిముందు అనలేదు గానీ. నువ్వుండుంటే ఇలా అయ్యేది కాదన్నా. నీ చేతిలో ఆ పిల్ల ఎప్పుడైనా ఇలా చేసిందా?"

ఆర్నెల్లుగా రాష్కో ఈ మాట కోసమే ఎదురుచూశాడు. కిటికీ దగ్గర నిలబడి, పక్క మీద దొర్లుతూ, ఈ గొంతులో ఈ మాటే ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. విన్నాడు. గుండె నిండిపోయింది, దాచుకోలేనంత. ఆ సంతోషం చూసి అతనికే అసహ్యం వేసింది. ఇదే చాలు, ఈ మాట పట్టుకుని ఇంటికి పోవచ్చు. ఎవడికీ తెలియదు. లేచి నిలబడ్డాడు కూడా.

"నేనక్కడే ఉన్నాను కెప్టెన్ గారూ" అన్నాడు.

"ఎక్కడ?"

నిలబడే అంతా చెప్పాడు. పోస్టుకార్డు మందం, రాయని పుస్తకం, మంగళవారం కొక్కేనికి తగిలించిన బిళ్ళ, బుధవారం సగం దూరం వచ్చి వెనక్కి పోవడం. మిరపకాయల సీసా సంగతి దాటేద్దామనిపించింది. అయినా చెప్పాడు. కెప్టెన్ మధ్యలో అడ్డు రాలేదు.

"మిరపకాయలకా?" అన్నాడు.

"మిరపకాయలకే."

"అది ఎడమకి తిరిగినప్పుడు నువ్వు చూశావా?"

"చూశాను."

"ఏమనిపించింది? నిజం చెప్పు. అబద్ధమైతే నాకు తెలుస్తుంది."

రాష్కో టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. "సంతోషం వేసింది" అన్నాడు. "ఒక్క క్షణం. వాడి చేతిలో అలాగే కావాలి అనిపించింది. తరవాత ముందు చక్రం కాలు విరిగింది. అప్పుడు మీరు లోపలున్నారని గుర్తొచ్చింది."

కెప్టెన్ కళ్ళు మూసుకున్నాడు. కోప్పడతాడని, తిడతాడని రాష్కో చూశాడు. తిట్టినా బాగుండేది.

"వెళ్ళి మేజర్‌కి చెప్పు" అన్నాడు కెప్టెన్. "ఇప్పుడే. ఆ పిల్లవాడు నిద్రపోవడంలేదు."

మేజర్ కునెవ్ రుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని విన్నాడు, రెండు పేజీలు రాయించాడు. ఉద్యోగం పోతుందని, పింఛను కూడా తేలకపోవచ్చని ముందే చెప్పాడు. రాష్కో తలూపాడు. కాగితం ముందుకు తోస్తే చదివి, "ఒక వాక్యం లేదు" అన్నాడు.

"ఏ వాక్యం?"

"విమానం ఎడమకి తిరిగినప్పుడు సంతోషం వేసిందన్నాను కదా. అది రాయలేదు."

"అదెందుకయ్యా మాకు?" అన్నాడు మేజర్. "ఇది సాంకేతిక దర్యాప్తు."

రాష్కో కలం తీసుకుని సంతకం పైన తనే రాశాడు. వంకర అక్షరాలు, కానీ స్పష్టంగానే ఉన్నాయి. అప్పుడు మేజర్ స్వెతోజార్‌ని లోపలికి పిలిచాడు. నిర్దోషి అని తేలిందని చెప్పి, కాగితం చేతికిచ్చాడు.

స్వెతోజార్ మాసిన గడ్డంతో ఉన్నాడు. అలవాటు కొద్దీ రెండుసార్లు చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు. రాష్కో ఒళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాడు, కొడితే కొట్టించుకుందామని.

"బాబాయ్" అన్నాడు స్వెతోజార్. గొంతు చాలా మెల్లగా ఉంది. "నాకీ విమానం వద్దని రెండుసార్లు అర్జీ పెట్టాను. తెలుసా నీకు? ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి. నువ్వా కిటికీలోంచి చూస్తుంటే ఎక్కడ తప్పు చేస్తానో అని అన్నీ రెండేసిసార్లు చూసుకునేవాణ్ణి. బాబాయ్‌కే తిరిగిచ్చెయ్యండి, నిచ్చెన నేనెక్కుతా, వంగే పనులు నేను చేస్తా, ఆయన పక్కన నిలబడి చెబితే చాలు అని రాశాను. వాళ్ళు ఒప్పుకోలేదు. కెప్టెన్ గారు మళ్ళీ అడుగుదామన్నారు. ఆ బుధవారం మేము మాట్లాడుకుంటున్నది అదే. అందుకే నిన్ను రమ్మని పిలిచారు."

కాగితం బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. మేజర్ ఇంకేదో అంటున్నాడు, గుర్తింపు కార్డు ఇక్కడ పెట్టమని కాబోలు. రాష్కోకి ఒక్క ముక్కా వినపడలేదు. వంగని మోకాలితో అక్కడే, బల్ల ముందు, నేల మీద కూలబడ్డాడు.